వారంటీ తీరిపోయిందన్నారు

నేను పెద్ద అంబర్‌పేట్‌లో అప్పు చేసి కారు కొని, నేనే కిరాయికి నడుపుతాను. వారంటీ తీరిన పంతొమ్మిదో రోజున ఔటర్ రింగ్‌రోడ్డు దగ్గర గేరు పడటం మానేసింది. షోరూములో "గడువు అయిపోయిందమ్మా, గేరుబాక్సు మార్చాలి, డబ్బు కట్టాలి. మీ సార్‌ను పంపండి, మాట్లాడతాం" అన్నారు. బండి నాది, కిస్తీలు కట్టేది నేను. మధ్యలో ఈ సారెవరు?

గేరు టైటుగా పడుతోందని వారంటీలో ఉండగానే రెండుసార్లు చెప్పాను. జాబ్‌కార్డుల్లో అది రాసి ఉంది. ఆ కాగితాలే నా బలం. లోపం అప్పటికే ఉందని చూపగలిగితే, గడువు తీరిందన్న ఒక్క మాటతో వాళ్ళు తప్పించుకోలేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఫిర్యాదుకు రెండేళ్ళ వ్యవధి ఇచ్చింది. సొంతంగా నడుపుకుని బతకడానికి బండి కొన్నవాళ్ళూ వినియోగదారులే. మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. పరీక్ష చేస్తేగానీ తేలని లోపాన్ని కమిషన్ ల్యాబుకు పంపిస్తుంది. ఆ ఖర్చు ముందు మనల్నే కట్టమనవచ్చు, అదొక్కటే బాధ. అందుకే విప్పిన పాత గేరుబాక్సును వాళ్ళ దగ్గర వదిలేయకండి.

నేను ఫిర్యాదు వేశాను. వాయిదా వచ్చే నెల. కారు ఇంకా షెడ్డులోనే ఉంది, కిస్తీ మాత్రం ఐదో తారీఖున కట్టాలి.