మిద్దె మీది వాన, పెరటి కూర

కర్నూలు, కడప జిల్లాల్లో పెరటితోట అనగానే, తాగడానికే లేని నీళ్లు మొక్కలకెక్కడివంటారు. కానీ ఇక్కడ ఏడాదికి సుమారు 600, 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. అంటే 600 లెక్కన చూసినా 50 చదరపు మీటర్ల మిద్దె మీద 30,000 లీటర్లు. మూడోవంతు వృథా పోయిందనుకున్నా 20,000 మిగులుతాయి. అంత పట్టే తొట్టి ఏ ఇంట్లో ఉందంటే, అది న్యాయమైన ప్రశ్నే. అందుకే నేలనే తొట్టి చేసుకోవాలి: వేరుశనగ పొట్టు పరిస్తే తేమ త్వరగా ఆరదు, మెడదాకా పూడ్చిన మట్టికుండ వేరు దగ్గరే నీళ్లు ఊరుస్తుంది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రకృతి సేద్య కార్యక్రమమూ నేలను కప్పే ఉంచమంటుంది.

నీళ్ల సంగతి సరే, ఆలుమగలిద్దరూ ఉద్యోగాలకెళ్తే, సెలవుల్లో కాశ్మీరులోని గుల్మార్గ్ మంచుమీద జారడానికి పోతే మొక్కల గతేమిటి? (తోటపని ఇద్దరిదీ అయితేనే సుమా, భార్యకు మరో చాకిరీ అయ్యే తోటను సమర్థించలేం.) వంగ, గోరుచిక్కుడు కొన్నాళ్లు ఓర్చుకుంటాయి. ఆకుకూరలు ఓర్చుకోవు, వెళ్లేముందే కోసి పప్పులో వేసుకోవాలి.