కారణము – కరుణ

పురుషదేహముతో పుట్టి స్త్రీగా, స్త్రీదేహముతో పుట్టి పురుషునిగా తమ్ము తామెరిగినవారు మన యిండ్లలోను కలరు. "పూర్వజన్మ పాప"మని కొందరు, "వట్టి మొండితన"మని మరికొందరు అందురు. మొదటి మాటవలన ఏవగింపు, రెండవదానివలన దండన పుట్టును. తుదకు బిడ్డ ఇల్లు విడుచును.

మేము గురుముఖమున చదివినంతలో, మనుస్మృతి మూడవ అధ్యాయము నపుంసక జన్మకు తల్లిదండ్రుల బీజసమత్వమును కారణముగా చెప్పినది. బిడ్డయందు దోషము నెంచలేదు. నేటి వైద్యము వేరుగా తలచును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన పట్టికలో ఈ స్థితిని మానసిక రోగములనుండి తొలగించినది.

కారణమే తెలియనిచో? బృహన్నల వెనుకనున్న ఊర్వశి శాపమును విరాటరాజు ఎరుగడు. నృత్యగీతములలోని నైపుణ్యమును చూచి, కన్నకూతురు ఉత్తరను శిష్యురాలిగా అప్పగించెను.

జీవునకు లింగభేదము లేదని శ్వేతాశ్వతరోపనిషత్తు బోధ. కర్మఫలమును తూచువాడు ఈశ్వరుడు. ఆ త్రాసు మన చేతికీయబడలేదు. తమ లింగమును తామే చెప్పుకొను హక్కు వారికి కలదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. న్యాయస్థానము హక్కును చెప్పగలదు. ఇంట విస్తరి వేయవలసినవారము మనమే. స్వస్తి.