మాట్లాడే బొమ్మ, మన పిల్లల నమ్మకం



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సొసైటీవారు మమ్మల్ని కోరినారు. ఫీజులు, స్కాలర్‌షిప్పుల గురించి చెప్పగల పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మేము రోబోల గురించి చెప్పదలచినాము. "మన నల్లగొండలో రోబోలెక్కడివి, మాస్టర్ సాబ్?" అని మీరు నవ్వవచ్చు. 2022లో హైదరాబాదులోని ఇండస్ ఇంటర్నేషనల్ స్కూలు తరగతుల్లోకి ‘ఈగిల్’ అనే రోబోలను తెచ్చింది. పట్నం వచ్చినది నల్లగొండకు, పాలమూరుకు రాక మానదు. మాట్లాడే ఫోను ఇప్పటికే మన ఇండ్లలో ఉన్నది.

ఆ ఫోను గురించే మా తరగతిలో ఒక పాప అడిగింది: "సర్, ఇస్కు బంద్ కరే తో బురా లగ్తా క్యా?" ఆపేస్తే దానికి బాధ అవుతుందా అని. పిల్లలంతా నవ్వినారు. మాకు నవ్వు రాలేదు. ఆ పాప తండ్రి బొంబాయిలో కూలి చేస్తాడు. ఇంట్లో నానీ తప్ప పలకరించే దిక్కు లేదు.

ఇది ఆ పాప ఒక్కదాని భ్రమ కాదు. 2012లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో 9, 12, 15 ఏండ్ల పిల్లలు 90 మంది ‘రోబోవీ’ అనే రోబోతో కొద్దిసేపు ఆడుకున్నారు. ఆట ముగియకముందే దాన్ని ఒక అరలోకి పంపివేస్తే, సగానికి పైగా పిల్లలు అది అన్యాయమన్నారు.

కదిలే బొమ్మలు మనకు కొత్త కావు. అల్ జజరీ అనే మన విద్వాంసుడు 1206లో ముగించిన గ్రంథంలో, చేతులు కడుక్కునేవారికి సబ్బు, తువాలు అందించే బొమ్మల నిర్మాణం వివరించినాడు. అయితే ఆ బొమ్మలు సలహాలు చెప్పలేదు. ఇప్పటివి చెప్తాయి. చిక్కంతా అక్కడనే ఉన్నది.

2018లో ఇంగ్లండులోని ప్లిమత్ పరిశోధకులు 7 నుంచి 9 ఏండ్ల పిల్లలకు గీతల పొడవు పోల్చే సులభమైన పరీక్ష పెట్టినారు. ఒంటరిగా ఉన్నప్పుడు పిల్లలు 87 శాతం సరిగ్గా చెప్పినారు. పక్కన మూడు రోబోలు కూర్చుని తప్పు జవాబులు చెప్తే అది 75 శాతానికి దిగింది. పెద్దవాళ్ళు మాత్రం రోబోల మాటకు లొంగలేదు. పిల్లలు తమ కండ్లు చూసినదాన్ని వదిలి యంత్రం మాట పట్టుకున్నారు.

పిల్లలు వెర్రివాళ్ళని మేము అనము. 2023లో కెనడాలో వెలువడిన మరో పరిశోధనలో, మనిషి తప్పులు చెప్తూ రోబో సరిగ్గా చెప్తే 5 ఏండ్ల పిల్లలు రోబోనే నమ్మినారు. 3 ఏండ్లవారికి ఆ తేడా పట్టలేదు. ఎవరు సరిగ్గా చెప్తారో చూసుకునే తెలివి పిల్లలకు ఉన్నది. "ఇది తప్పు" అనే ధైర్యమే కావాలి.

ఆ ధైర్యాన్ని అణచినది మేమే. ఒకసారి మేము బోర్డు మీద లెక్క తప్పు వేస్తే వెనక బెంచీ పిల్లవాడు లేచి చెప్పినాడు. "ఖామోష్ బైఠో" అని కసిరినాము. సాయంత్రం చూసుకుంటే వాడే కరెక్టు. మరునాడు క్లాసు ముందర ఒప్పుకున్నాము గాని, వాడు ఆ వారమంతా నోరు విప్పలేదు. మాకు ఎదురు చెప్పలేనివాడు, ఎన్నడూ కసరని, ఎన్నడూ విసుగుకోని యంత్రానికి ఏమి ఎదురు చెప్తాడు?

మన ముహద్దిసులు ఒక హదీసును స్వీకరించే ముందు, చెప్పినది ఎవరు, వారు ఎవరి నుంచి విన్నారు, వారు సత్యవంతులా అని ఆరా తీసేవారు. ఆ అలవాటునే మన పిల్లలకు నేర్పుదాము. ఫోను ఏదైనా చెప్తే "దీనికి ఎవరు చెప్పినారు బేటా?" అని అడగండి. కితాబులో కలిసి చూడండి. మీరు చదువుకోలేదని వెనుకాడకండి. ఆ ప్రశ్న అడగడానికి చదువు అక్కరలేదు. రాత్రి భోజనం దగ్గర పావుగంట పిల్లలతో మాట్లాడండి. దూరాన ఉన్న తండ్రులు ఫోనుతో మాట్లాడే పిల్లలకు ఆ ఫోనులోనే తమ గొంతు వినిపించండి.

ఇక బడిలో, తప్పు దిద్దిన పిల్లవాణ్ణి షాబాష్ అంటామని మా తరఫున మాట ఇస్తున్నాము. అల్లాహ్ మన పిల్లలకు ఇల్మునూ, నిజం చెప్పే ధైర్యాన్నీ ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.