రక్షకశాఖకు గీటురాయి

బంగారము కొనువారు దాని రంగును చూచి తృప్తిపడరు; గీటురాయిపై గీచి చూపుమందురు. ఆ గీటును నగ చేసినవాడే గాక మరియొకడు కూడ చూచినప్పుడే మనకు నమ్మకము కలుగును. ఆసుపత్రులకు, కళాశాలలకు ఇట్టి పరీక్షలు కలవని మనమెరుగుదుము. మనుష్యుని పట్టి బంధించుటకును, అవసరమైనచో బలము ప్రయోగించుటకును చట్టముచేత అధికారము పొందిన పోలీసు శాఖకు అట్టి పరీక్ష యేది? దానిని చేయవలసినవారెవరు? ఈ ప్రశ్నకు అమెరికా దేశము కనుగొనిన సమాధానమును, అందలి మేలును, కొరతను నేటి ప్రసంగమున వివరింపదలచితిమి.

మన దేశమున పోలీసు రాష్ట్రప్రభుత్వముల అధీనమున నుండును. ఒక రాష్ట్రమునకు సామాన్యముగా ఒక్కటే పోలీసు శాఖ, దానికి ఒక్కరే అధిపతి. అమెరికాలో అట్లు కాదు. నగరములకు వాని వాని పోలీసు, కౌంటీలకు షెరీఫులు, రాష్ట్రమునకు వేరొక దళము, విశ్వవిద్యాలయములకు సైతము కొన్నిచోట్ల సొంత పోలీసు. ఇట్టి శాఖలు ఆ దేశమంతట సుమారు 18,000 ఉన్నవి. వానిలో వేలకొలది సిబ్బంది గలవియు కలవు, పదిమందికి మించనివియు కలవు. నగర పోలీసు అధిపతిని నగరపాలకులు నియమింతురు. షెరీఫును చాలచోట్ల ప్రజలే ఎన్నుకొందురు. వీరందరికి ఒకే ఆజ్ఞ ఇయ్యగల అధికారి యెవ్వరును లేరు. కావున ఒక ఊరిలో నిషేధింపబడిన పని ప్రక్క ఊరిలో అనుమతింపబడుట కలదు.

ఈ చిక్కు నేటిది కాదు. అధ్యక్షుడు హూవర్ నియమించిన వికర్‌షామ్ సంఘము, నేరము ఒప్పించుటకై పోలీసులు నిందితులను హింసించు పద్ధతిని 1931లోనే బయటపెట్టినది. 1959లో కాలిఫోర్నియా రాష్ట్రము పోలీసు ఉద్యోగుల ఎంపికకు, శిక్షణకు కనీస ప్రమాణములు నిర్ణయించు సంఘమును నెలకొల్పినది. అట్టివి ప్రతి రాష్ట్రమునను ఉండవలెనని అధ్యక్షుడు జాన్సన్ నియమించిన సంఘము 1967లో సూచించినది. ఇవి విడివిడిగా ఉద్యోగులకు సంబంధించిన ప్రమాణములు. శాఖను శాఖగా పరీక్షించు ఏర్పాటు 1979లో వచ్చినది. పోలీసు అధిపతుల అంతర్జాతీయ సంఘము, నల్లజాతి పోలీసు అధికారుల జాతీయ సంస్థ, షెరీఫుల జాతీయ సంఘము, పోలీసు పరిశోధన వేదిక అను నాలుగు సంస్థలు కలిసి ఒక స్వతంత్ర సంఘమును స్థాపించినవి. దానిని క్లుప్తముగా కలియా అందురు. దాని సభ్యులు 21 మందిలో 11 మంది పోలీసు వృత్తివారు, తక్కిన పదిమంది ఇతర రంగములవారు. 1984లో ఫ్లోరిడా రాష్ట్రమందలి మౌంట్ డోరా అను చిన్న పట్టణపు పోలీసు శాఖ మొట్టమొదట దాని గుర్తింపును పొందినది.

ఈ పరీక్ష జరుగు తీరు గమనింపదగినది. గుర్తింపు కోరు శాఖ ముందుగా తన నియమములను వ్రాతలో పెట్టవలెను. బలప్రయోగము ఎప్పుడు చేయవచ్చును, నిర్బంధములో నున్నవారిని ఎంతకాలమున కొకసారి చూచుచుండవలెను, ఫిర్యాదును ఎవరు స్వీకరింపవలెను, ఎవరు విచారింపవలెను అను సంగతులన్నియు అందుండును. అయితే వ్రాసినంత మాత్రమున చాలదు. వ్రాసినట్లు నడుచుకొన్నట్లు రుజువులు చూపవలెను. వేరు ఊళ్లనుండి వచ్చిన పరీక్షకులు ఆ రుజువులను చూతురు, ఉద్యోగులతో మాటాడుదురు, పట్టణ ప్రజల అభిప్రాయమును విందురు. ఒకసారి లభించిన గుర్తింపు శాశ్వతము కాదు. నాలుగేండ్లకొకసారి దానిని మరల సంపాదించుకొనవలెను.

ఒక్క ఉదాహరణము చెప్పెదము. స్వాధీనము చేసికొనిన వస్తువులుంచు గది ప్రతి స్టేషనులో నుండును. మనవారు దానిని మాల్‌ఖానా అందురు. నగలు, నగదు, ఆయుధములు, మాదకద్రవ్యములు అందుండును. ఈ గదిని గూర్చి కలియా ప్రమాణములు స్పష్టముగా నున్నవి. గది అధికారి మారినప్పుడు లెక్క సరిచూడవలెను. ఆ గదితో నిత్యసంబంధము లేని అధికారి యేటేట లెక్క చూడవలెను. ముందు తెలుపక తనిఖీ చేయవలెను. గది అధికారి దొంగయని అనుమానించి ఈ నియమము చేయలేదు. అతడు నిజాయితీపరుడైనచో, రేపు ఎవరైన నింద మోపినప్పుడు అతనిని కాపాడునదియు ఆ లెక్కయే. మంచి ప్రమాణము పౌరునికి ఎంత రక్షయో ఉద్యోగికిని అంత రక్ష.

ఇక నీ ప్రమాణములను సమన్వయపరచుట వేరొక సమస్య. న్యూయార్కు, ఫ్లోరిడా, వర్జీనియా మొదలగు రాష్ట్రములు తమ సొంత గుర్తింపు పద్ధతులను ఏర్పరచుకొన్నవి. ఉద్యోగికి యోగ్యతాపత్ర మిచ్చు సంఘములు వేరు, శాఖకు గుర్తింపు నిచ్చు సంఘములు వేరు. వీరి నడుమ సంబంధము తెగినచో కలుగు హాని స్వల్పము కాదు. ఒక రాష్ట్రమున తప్పు చేసి పత్రమును పోగొట్టుకొనిన ఉద్యోగి వేరొక రాష్ట్రమున క్రొత్తవానివలె చేరవచ్చును. దీనిని అరికట్టుటకే అట్టివారి పేర్లతో ఒక జాతీయ సూచిక నడుచుచున్నది. కాని పేర్లు పంపుటయు, ఉద్యోగ మిచ్చుటకు ముందు దానిని వెదకి చూచుటయు అన్నిచోట్ల సమానముగా జరుగుట లేదు. పత్రమును రద్దుచేయు అధికారమునే కాలిఫోర్నియా 2021 నాటి చట్టముతో గాని సమకూర్చుకొనలేదు.

గుర్తింపు కోరుట అక్కడ చాలవరకు ఐచ్ఛికము. 18,000 శాఖలలో కొద్దిభాగమే కలియా గుర్తింపును పొందియున్నది. అందుకగు వ్యయము, పని చిన్న శాఖలకు భారము. ఇంగ్లండు ఈ చిక్కును వేరు విధముగా విప్పినది. 1856 నాటి చట్టము ప్రభుత్వ పరీక్షకులను నియమించి, వారు సమర్థమని ధ్రువపరచిన దళమునకే జీతములలోను దుస్తుల వ్యయములోను నాలుగవవంతు ఖజానానుండి ఇచ్చుట నియమము చేసినది. సొమ్ముతో ముడిపెట్టగానే పరీక్షకు విలువ వచ్చినది. అమెరికాలోను 2020 జూనులో అధ్యక్షుని ఉత్తరువు కొన్ని కేంద్ర నిధులను స్వతంత్ర గుర్తింపుతో ముడిపెట్టినది. 2022లో వేరొక అధ్యక్షుడు మరింత విస్తృతమైన ఉత్తరువు నిచ్చెను; 2025 జనవరిలో అది రద్దయినది. దానితో బాటు కేంద్ర పోలీసు ఉద్యోగుల దుష్ప్రవర్తనను నమోదుచేయు పట్టికయు మూతపడినది. ఉత్తరువుపై నిలిచిన ప్రమాణము ఉత్తరువుతో పోవునని దీనివలన తెలియుచున్నది.

గుర్తింపు పొందిన శాఖలలోను తప్పిదములు జరిగినవని ఒప్పుకొనవలెను. పత్రమును గోడకు వ్రేలాడదీసి, దస్త్రములను పరీక్ష వచ్చునాటికి సిద్ధపరచుట ఎరుగనివారెవరు? కావున పరీక్షకుడు కాగితమును గాక పనిని చూడవలెను. తప్పు దొరకినప్పుడు గుర్తింపును నిలుపుచేయు ధైర్యమును అతనికి ఉండవలెను.

మన దేశమున ప్రమాణములకు లోటు లేదు. 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషను 1981 నాటికి ఎనిమిది నివేదికలు సమర్పించినది. డి. కె. బసు కేసులో 1996 డిసెంబరున సుప్రీంకోర్టు నిర్బంధమును గూర్చి 11 ఆదేశములు చేసినది. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరున ఏడు ఆదేశములు వచ్చినవి. పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రమునను జిల్లాలోను ప్రత్యేక సంస్థ లుండవలెననుట అందొకటి. ప్రతి స్టేషనులో దృశ్యముతో బాటు శబ్దమును నమోదుచేయు కెమెరాలు పెట్టి, ఆ నమోదులను దాచియుంచవలెనని 2020 డిసెంబరున ఆజ్ఞాపించినది. 2025 సెప్టెంబరున, కెమెరాలు పనిచేయని విషయమును ఆ న్యాయస్థానమే తనంతట విచారణకు స్వీకరింపవలసి వచ్చినది. ఆజ్ఞ యున్నది, కెమెరా యున్నది. అది నేడు పనిచేయుచున్నదా యని క్రమము తప్పక చూచువారు చాలకపోయిరి. వివిధ రాష్ట్రములకు చెందవలసిన ఐ.పి.ఎస్. అధికారులు మన హైదరాబాదులోని సర్దార్ వల్లభభాయి పటేలు జాతీయ పోలీసు అకాడమీలో ఒకే శిక్షణ పొందుచున్నారు. శిక్షణలో ఐక్యము కుదిరినట్లే పరీక్షలోను ఐక్యము కుదురుట అసాధ్యమని మేము తలపము.

అంతవరకు గృహస్థులు చేయదగినది ఒకటి కలదు. అరెస్టు చేయువాని పేరు స్పష్టముగా కనబడవలెను. అరెస్టు పత్రము వ్రాసి, దానిపై ఇంటివారిలో నొకరిచేతగాని ఊరిలో మర్యాదస్థునిచేతగాని సాక్షి సంతకము చేయింపవలెను. బంధువునకు లేదా మిత్రునకు కబురు చేయవలెను. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఇట్టి నియమములు గలవు. అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు వీనిని వినయముతో అడుగుట పోలీసును ధిక్కరించుట కాదు. తన విధిని చక్కగా నెరవేర్చు ఉద్యోగి ఆ ప్రశ్నకు నొచ్చుకొనడు. అతని పనికి మొదటి సాక్ష్యము ఆ పత్రమే.