ఎవరి పురుగు?



మొదటిరోజు క్లాసులో మా మాస్టారు మా చేతికి ఒక సీసా ఇచ్చేవారు. ఫార్మలిన్‌లో తెల్లటి నాడాలా చుట్టచుట్టుకున్న బద్దెపురుగు. "ఎవరి పురుగురా ఇది?" అని అడిగితే అందరం "పందిది సార్" అనేవాళ్లం. "మనిషిది. పంది దాని పిల్లని పెంచుతుందంతే" అని నవ్వేవారు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్కమాట వెనకున్న కథే.

పంది కండలో గింజల్లాంటి తిత్తులుంటాయని అరిస్టాటిల్‌కే తెలుసు. వాటికీ మన పేగులోని పురుగుకీ చుట్టరికం తేలడానికి రెండువేల ఏళ్లు పట్టింది. 1855లో కుఖెన్‌మైస్టర్ అనే జర్మన్ వైద్యుడు మరణశిక్ష పడ్డ ఖైదీకి ఆ తిత్తులు సూపులో కలిపి పెట్టాడు. శిక్ష అమలయ్యాక పేగు కోసి చూస్తే పిల్ల పురుగులు కనబడ్డాయి. ఈ ప్రయోగం చెప్పేటప్పుడు మాస్టారు కాసేపు మాట్లాడేవారు కాదు. మనమూ ఆగాల్సిన చోటే అది.

తిత్తులున్న పంది మాంసం సరిగా ఉడక్కుండా తింటే పేగులో పురుగు పెరుగుతుంది. దానితో పెద్ద బాధేం ఉండదు. బాధంతా ఆ మనిషి మలంలో పోయే గుడ్లతోనే. వాటిని పంది తింటే దాని కండలో, మనిషి నోట్లో పడితే మన మెదడులో తిత్తులు కడతాయి. ఫిట్స్ మొదలవుతాయి. అందుకే పంది మాంసం గడప దాటని ఇళ్లకూ ఈ జబ్బు వస్తుంది. న్యూయార్క్‌లో ఆచారపరులైన యూదుల ఇళ్లలో కూడా బయటపడిందని 1992లో రాశారు. వంటచేసే చేతుల మీదుగా వచ్చింది.

ఇక పనియాయి అనే చోటి సంగతి. పశ్చిమ న్యూగినీ కొండల్లో, సరస్సుల చుట్టూ ఏకారి జనం ఉంటారు. అక్కడ పంది అంటే ఆస్తి, కన్యాశుల్కం, పరువు. 1970 ప్రాంతంలో బాలి నుంచి పందులు కానుకగా వచ్చాయి. కొన్నేళ్లకి ఎనరొతాలి ఆసుపత్రికి కాలిన గాయాలతో వరసగా జనం రావడం మొదలైంది. పెద్దవాళ్లు కూడా, అదీ ఒళ్లు లోతుగా కాలి. ఆ కొండల్లో రాత్రి చలి ఎక్కువ. గుడిసె మధ్యలో నిప్పు వేసుకుని చుట్టూ పడుకుంటారు. నిద్రలో ఫిట్స్ వచ్చి ఆ నిప్పులో పడుతున్నారు. తెలివిలో ఉన్నవాడు చెయ్యి లాక్కుంటాడు, ఫిట్స్‌లో ఉన్నవాడు ఎలా లాక్కుంటాడు? తిత్తులున్న పంది, సగం ఉడికిన కండ, మరుగుదొడ్డి లేని ఊరు, విచ్చలవిడిగా తిరిగే పశువు: నాలుగూ ఒకచోట కలిశాయి. ఈ సంగతి 1978లో వైద్య పత్రికలకెక్కేసరికి ఎందరి ఒళ్లు కాలిపోయిందో!

ఆపగలమా అంటే, ఆపగలం. పెరూలోని తుంబెస్‌లో మనుషులకి మందులు, పందులకి మందూ టీకా ఇచ్చారు. 107 పల్లెల్లో 105 చోట్ల వ్యాప్తి ఆగిందని 2016లో ప్రకటించారు. మెల్‌బోర్న్‌లో లైటౌలర్స్ అనే శాస్త్రవేత్త బృందం రూపొందించిన ఆ టీకానే సిస్‌వాక్స్ పేరుతో మన హైదరాబాద్‌లో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేస్తోంది. వింటే మాస్టారు పొంగిపోయేవారు, వెంటనే చిక్కుప్రశ్న కూడా వేసేవారు. తిత్తులున్నా పంది చక్కగా తింటుంది, బలుస్తుంది. పెంచేవాడికి అది జబ్బుగా కనబడదు. మరి పక్కింటివాడి మెదడు కోసం తన పందికి సూది వేయించే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?