శిక్షకుడు గోలు కాచిన రాత్రి

పచ్చికపై ఆడు హాకీ మనకు చిరపరిచితము. కెనడా దేశమున గడ్డకట్టిన నీటిపై, ఉక్కు అంచులుగల జోళ్ళు తొడిగి, బంతికి బదులు రబ్బరు బిళ్ళతో ఆడు హాకీ ఒకటి కలదు. ఆ క్రీడాచరిత్రలో లెస్టర్ పాట్రిక్ పేరు చిరస్మరణీయము.

1883లో క్యుబెక్ రాష్ట్రమున జన్మించిన పాట్రిక్ రక్షణపంక్తిలో ఆడెడివాడు. రక్షకుడు వెనుకనే నిలువవలెనను ఆనాటి ఆచారమును పాటింపక, బిళ్ళతో తానే ముందునకు దూసుకొనిపోయెడివాడు. 1906, 1907 సంవత్సరములలో మాంట్రియల్ వాండరర్స్ జట్టుతో స్టాన్లీ కప్పు గెలిచెను. 1926లో న్యూయార్క్ రేంజర్స్ జట్టుకు శిక్షకుడయ్యెను.

1928 ఏప్రిల్ 7వ తేదీ. మాంట్రియల్ నగరమున స్టాన్లీ కప్పు తుదిపోటీలలో రెండవ ఆట. మొదటి ఆటలో రేంజర్స్ ఓడియుండిరి. ఈ ఆట నడుమ వారి గోలుకీపరు కంటికి బిళ్ళ తగిలెను. ఆ కాలమున జట్టుతో రెండవ గోలుకీపరు ఉండుట వాడుక కాదు. ప్రేక్షకులలోనున్న వేరొక జట్టు గోలుకీపరును ఆడించుటకు ప్రత్యర్థులైన మరూన్స్ సమ్మతింపలేదు.

అప్పుడు నలుబదినాలుగేండ్ల పాట్రిక్ తానే ఆ రక్షణతొడుగులు ధరించి గోలు ముందు నిలిచెను. శిష్యులు ప్రత్యర్థులను ఆయన దరికి చేరనీయక ప్రాణమొడ్డి ఆడిరి. పాట్రిక్ ఒక్క గోలు మాత్రమే పోనిచ్చెను. రేంజర్స్ అదనపు సమయమున 2-1తో గెలిచి, తుదకు కప్పును సైతము పొందిరి.

1939 వరకును ఆయన ఆ జట్టుకు శిక్షణ నిచ్చెను. 1933లో మరల కప్పు గెలిపించెను. అయినను లోకము మిక్కిలిగా స్మరించునది ఆ ఒక్క రాత్రినే. నేర్పిన పనిని తాను చేయుటకు వెనుదీయని గురువును శిష్యులు ఎట్లు కాచుకొందురో ఆ రాత్రి చూపినది.