దాహం వేసేదాకా ఆగవద్దు
(ఊరి మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా!

ఎండలు ముదురుతున్నాయి. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్నారు. రోలు రాయి. మన ఒళ్లు రాయి కాదు కదా! అయినా పని మానలేం. మిరపకాయ కోతకు పోవాలి. మట్టి పనికి పోవాలి. ఇటుక బట్టీకి పోవాలి. తునికాకు కోసం అడవికి పోవాలి. ఇంటికొస్తే మళ్లీ పొయ్యి ముందు కూర్చోవాలి. పని చేసుకుంటూనే ప్రాణం కాపాడుకోవడం ఎలా? ఈ రోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

2015 మే నెలలో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో వడదెబ్బ తగిలి 2,000 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో కూలీనాలీ చేసుకునేవాళ్లు, ముసలివాళ్లు చాలామంది ఉన్నారు. నీళ్లు, నీడ, కొంచెం తెలివిడి ఉంటే ఇలాంటి చావులు చాలావరకు తప్పించవచ్చు.

వడదెబ్బ ఎలా తగులుతుంది?

మీ ఇంట్లో మట్టికుండ ఉంది. అందులో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? కుండకు కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి చెమ్మ బయటికి వస్తుంది. ఆ చెమ్మ గాలికి ఆరుతుంది. ఆరుతూ ఆరుతూ కుండలోని వేడిని తీసుకుపోతుంది. మన ఒళ్లూ అంతే. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మరి ఒంట్లో నీళ్లే తగ్గిపోతే చెమట ఎక్కడిది? వేడి లోపలే ఉండిపోతుంది.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ ఉక్కపోత ఎక్కువ. చెమట కారుతుంది గానీ ఆరదు. అందుకే ఎండ కాస్త తక్కువగా ఉన్నా అక్కడ ప్రమాదమే. ఎండలో ఉంటేనే వడదెబ్బ అనుకోవద్దు. గాలి ఆడని రేకుల ఇంట్లో కూడా తగులుతుంది.

మనం నీళ్లు ఎందుకు తాగం?

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. సిగ్గుపడకుండా చెప్పండి. పని చోట మనం నీళ్లు ఎందుకు తక్కువ తాగుతాం? నీళ్లు లేకనా? ఒక్కోసారి అదీ నిజమే. కానీ అసలు కారణం వేరే ఉంది. నీళ్లు తాగితే ఒంటికి పోసుకోవాల్సి వస్తుంది. పోదామంటే చాటు ఉండదు. చుట్టూ మగవాళ్లు. అందుకని పొద్దున్నుంచి నోరు కట్టేసుకుంటాం. అవునా, కాదా?

ఆ సిగ్గు మన ప్రాణం మీదికి తెస్తుంది. మూత్రం ఆపుకుంటే మంట, నొప్పి కూడా వస్తాయి. దీనికి మందు ఏమిటి? నాలుగు కర్రలు, రెండు పాత చీరలు. లేకపోతే ఒక తాటాకు తడిక. పని మొదలుపెట్టిన రోజునే ఒక పక్కన చాటు కట్టుకోండి. పది మంది కలిస్తే పావుగంట పని.

పనికి పోయేటప్పుడు

తెల్లవారుజామునే పని మొదలుపెట్టండి. పదకొండు గంటలకల్లా ఆపేయండి. మిగిలింది సాయంత్రం చల్లబడ్డాక చేసుకోండి. నూలు బట్టలు కట్టుకోండి. తల మీద తడిగుడ్డ వేసుకోండి. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు తాగండి. దాహం వేసేదాకా ఆగవద్దు.

చెమటతో ఉప్పు కూడా పోతుంది. అందుకని ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అంబలి, నిమ్మకాయ నీళ్లు తాగండి. ఓఆర్ఎస్ పొట్లం ఉంటే పొట్లం మీద రాసినట్లు కలపండి. చదువు నేర్చింది ఇందుకే కదా! పొట్లం లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా గోపురంగా కాదు, సమంగా నింపాలి.

కొత్తగా ఎండలో పనికి దిగినవాళ్లు మొదటి వారం, పది రోజులు మెల్లగా చెయ్యాలి. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి అన్ని రోజులు పడుతుంది. గర్భిణులు, జ్వరం గానీ విరేచనాలు గానీ అయినవాళ్లు ఎండలో పని చెయ్యవద్దు. ఉల్లిపాయ దగ్గర పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటారు. ఉల్లిపాయ మజ్జిగన్నంలో నంజుకోండి. దాన్ని నమ్ముకుని ఎండలో మాత్రం ఉండొద్దు.

ఎవరైనా పడిపోతే

తల తిరగడం, తలనొప్పి, పిక్కలు పట్టేయడం, వాంతి వచ్చినట్లు ఉండటం మొదటి గుర్తులు. వెంటనే పని ఆపండి. నీడలో కూర్చుని నీళ్లు తాగండి. ‘ఈ ఒక్క సాలు అయిపోనీ’ అనుకోవద్దు.

ఒళ్లు పెనంలా కాలుతున్నా, మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, తెలివి తప్పినా అది వడదెబ్బ. మామూలుగా ఒంటి వేడి 98 డిగ్రీల దగ్గర ఉంటుంది. వడదెబ్బలో 104 దాటుతుంది. చెమట పడుతోంది కదా, ఏమీ కాదులే అనుకోవద్దు.

ఒకరు 108కి ఫోన్ చెయ్యండి. మిగతావాళ్లు మనిషిని నీడలోకి చేర్చండి. బట్టలు వదులు చెయ్యండి. ఆడమనిషి అయితే చుట్టూ చీరలు అడ్డం పట్టండి. ఒళ్లంతా నీళ్లు పోయండి. విసనకర్రతో, చెంగుతో విసరండి. మెడ మీద, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. బండి వచ్చేదాకా ఆపవద్దు. తెలివి లేనివాళ్లను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాళ్ల నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్రలు దీనికి పనిచెయ్యవు.

పెళ్లిళ్లు, జాతరలు, సెలవులు

ఎండాకాలం పని కాలమే కాదు, పండగ కాలం కూడా. పెళ్లికో జాతరకో పోయేటప్పుడు మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి. ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టవద్దు. తల్లిపాలే ఎక్కువసార్లు ఇవ్వండి. ఇంటి దగ్గర ముసలివాళ్లుంటే మధ్యలో ఒకసారి చూసిరమ్మని పక్కింటివాళ్లకు చెప్పండి.

బడికి సెలవులు. పిల్లలు ఈతకు పోతామంటారు. బావికి, కాలువకు, ఇసుక తవ్విన గుంతలకు ఒంటరిగా పంపవద్దు. ఈత వచ్చిన పెద్దవాళ్లు ఒడ్డున ఉండాలి. సాయంత్రం గాలివాన వస్తే చెట్టు కిందికి పరుగెత్తవద్దు. చెట్టు మీద పిడుగు పడుతుంది. పక్కా ఇంట్లోకి పోండి.

నీళ్లు అడగడం తప్పు కాదు

2005లో ఉపాధి హామీ చట్టం చేసినప్పుడు పని చోట ఏమేం ఉండాలో అందులో రాశారు. తాగే నీళ్లు, పిల్లలకు నీడ, కూలీలు సేదదీరడానికి చోటు, మందుల పెట్టె ఉండాలని రాశారు. అంటే నీళ్లు, నీడ ఎవరో దయతో ఇచ్చేవి కావు. కూలి ఎలాగో అవీ అలాగే. ఏ పనికి పోయినా, ఎవరి పనికి పోయినా ముందుగానే అడగండి. ఒక్కరు అడిగితే కసురుకుంటారు. అందరూ కలిసి అడిగితే వింటారు.

నెల్లూరు జిల్లా సంగతి మీకు తెలుసు. 1992లో అక్కడ రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు కలిసి సారా కొట్లు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే సారాను నిషేధించింది. సారా కొట్టునే మూయించినవాళ్లం. ఒక కడవ నీళ్లు, ఒక పందిరి, ఒక చాటు అడగలేమా?

రేపు పనికి పోయేటప్పుడు ఈ మూడూ అడుగుదాం. చదువు రాని పక్కింటామెకు ఈ పాఠం చదివి వినిపించండి. సెలవు.

చదివాక మాట్లాడుకోండి
1. మీ పని చోట నీళ్లు, నీడ, చాటు ఉన్నాయా?
2. లేకపోతే ఎవరిని అడగాలి? ఎవరెవరు కలిసి వెళ్లాలి?
3. 108 అంకెను మీ ఇంటి గోడ మీద పెద్దగా రాయండి.